ఇద్దరికీ కిటికీ వైపే

"దొరికాడమ్మా నీ మొగుడు! ఇంక పోలీసులూ వద్దు, ఏమీ వద్దు!"

వదిన అరుపుకి హోటల్ వరండాలో టీ తాగుతున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. తెల్లారకముందే గదిలోంచి మాయమైన మనిషి కోసం, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీద నిలబడి ఉన్న మరదలు ఆ మాట వినగానే పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది.

పొగమంచులోంచి ముందు వదినా, వెనకాల ఆమె తమ్ముడూ వచ్చారు. లోయలో జారిపడ్డవాడి వాలకం కాదది. మోచేతులదాకా పిండి. కనుబొమల మీద పిండి. అన్నిటికంటే ఆమెను బాధపెట్టింది అతని ముఖం. కొండ మీదికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ముఖం ఇంత తేటగా ఉండటం ఆమె చూడలేదు.

"ఎక్కడున్నాడని అడగవేం? సందు చివర బేకరీలో ఉన్నాడు! సరదాగా నాలుగు రోజులు తిరిగొద్దామని తీసుకొస్తే, ఈ మహానుభావుడు పోయిపోయి ఎవరిదో పొయ్యి దగ్గర చేరాడు. పైగా నన్ను చూసి, 'అక్కా, వేడివేడిగా ఉంది, తింటావా' అంటాడు!" అంది వదిన.

"తిన్నారా?" అని అడిగింది ఆమె.

వదిన తడబడింది. "అదీ... ఇంతదూరం వెతుక్కుంటూ వెళ్ళాను కదా. ఒక్కటే తిన్నాను."

ఆమె గదిలోకి వెళ్ళిపోయింది. చేతులు దులుపుకుంటూ అతను వెనకాలే వెళ్ళాడు. వదినకు కూడా లోపలికి వెళ్ళాలనే ఉంది గానీ, ఎందుకో ఈసారి గడప దగ్గరే ఆగిపోయింది.

"చెప్పకుండా వెళ్ళారు."

"నువ్వు మంచి నిద్రలో ఉన్నావు. లేపబుద్ధి కాలేదు."

"లేపాల్సింది. అందుకే కదా ఇంతదూరం వచ్చాం."

అతను టేబుల్ మీది మంచినీళ్ళ గ్లాసు తీసి, తాగకుండానే కింద పెట్టాడు. "నాకు ఆ వేళకి ఎప్పుడు నిద్ర పట్టింది గనక? కిటికీ కాస్త తీశాను. పులిసిన పిండి వాసన వచ్చింది. చూసి వద్దామని వెళ్ళాను."

"చూసి రావడానికి మోచేతులదాకా పిండి ఎందుకు?"

"పిండి ముద్దను పొయ్యికి మరీ దగ్గరగా పెట్టారు. ఒక వైపు ఎండిపోతోంది. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకుంటాను?"

"పక్కలో పెళ్ళాం ఒక్కతే పడుంటే మాత్రం ఊరుకోగలరు."

ఆమె కాసేపు చూసి, "తర్వాత?" అంది.

ఆ మాట ఆమెకు నేర్పింది ఉద్యోగమే. బస్టాండులో టిక్కెట్ల కౌంటరు ఆమెది. పొద్దున్నుంచీ సాయంత్రందాకా అద్దం వెనక కూర్చుని, ఒకరికి టిక్కెట్టు ఇచ్చి, తల ఎత్తకుండానే "తర్వాత?" అంటుంది. ఎంతమందిని ఈ కొండ మీదికి పంపించిందో లెక్కలేదు. తను మాత్రం ఈ ఏడాదే మొదటిసారి ఎక్కింది.

అతను రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పనివాడు. అతను ఇంటికొచ్చి తలుపు తట్టే వేళకు ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది. ఆమె తిరిగొచ్చే వేళకు అతను బూట్లు తొడుక్కుంటూ ఉంటాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం ఒకే మంచం మీద రెండు షిఫ్టులుగా నడుస్తోంది. పండగలకూ పబ్బాలకూ ఊరంతా బస్సెక్కుతుంది, ఊరంతా రొట్టె తింటుంది. అందుకని ఆ రోజుల్లో ఇద్దరికీ సెలవుండదు. అయినా బిడ్డ ఎలా పుట్టిందని వదిన అప్పుడప్పుడూ ఆశ్చర్యపోతూ ఉంటుంది. అదీ అందరికీ వినబడేలా.

ఈ ప్రయాణం కూడా వదిన పట్టుబట్టి పెట్టించిందే. "ఒక్క నాలుగు రోజులైనా ఇద్దరూ ఒకే వేళకు నిద్రపోయి ఒకే వేళకు లేవండిరా, చూసి సంతోషిస్తాను" అంది.

మొదటి రోజు దీపం ఆర్పాక ఏం జరిగిందో వదినకు తెలియదు. తెలిస్తే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేది. ఇద్దరూ మంచానికి ఒకే వైపుకు, కిటికీ వైపుకే వెళ్ళారు. "అది నా వైపు" అంది ఆమె. "నాది కదా?" అన్నాడు అతను. ఇద్దరిదీ నిజమే. ఇంట్లో ఇద్దరూ పడుకునేది ఆ వైపే, ఒకే దిండు మీద. ఇన్నేళ్ళలో రెండో వైపు ఎవరిదో తేల్చుకోవాల్సిన అవసరమే రాలేదు. చివరికి అతనే గోడ వైపుకు జరిగాడు. తెల్లవార్లూ చెక్కలా బిగుసుకుని పడుకున్నాడు.

ఇవాళ పొద్దున మెలకువ రాగానే ఆమె అలవాటు ప్రకారం దుప్పటి కదలకుండా జారి మంచం దిగింది. తను పడుకున్న చోట వేడి ఆరిపోకుండా దుప్పటిని రెండు మడతలు వేసి కప్పింది. ఇంట్లో రోజూ చేసే పని అది. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి వచ్చిన మనిషి చల్లటి పక్కలో పడుకోకూడదని పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. దుప్పటి కప్పి వెనక్కి తిరిగి చూస్తే, ఎవరి కోసం కప్పిందో ఆ మనిషి గదిలో లేడు.

"తర్వాత ఏముంది? వచ్చేశాను కదా" అన్నాడు అతను ఇప్పుడు.

"ఊళ్ళో పిండి కోసం వెళ్తారు, అది ఉద్యోగం. రేపు పొద్దున తిరుగు బస్సు పెట్టుకుని ఇక్కడ కూడానా? నాకు ఈ నాలుగు రోజులే కదండీ ఉన్నవి. అవి కూడా పిండికే పోయాలా?"

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ క్షణంలో చెయ్యి పట్టుకుంటే అన్నీ సర్దుకునేవేమో. చేతులకున్న పిండి చూసుకుని ఆగిపోయాడు.

తలుపు తోసుకుని గది ఊడ్చే ఆమె వచ్చింది. ఎవరి గొడవా తనకు పట్టనట్టు కిటికీ రెక్కలు బార్లా తీసి, మడత పెట్టిన దుప్పటిని లాగి దులిపింది. చల్లగాలి మంచం మీదుగా వీచింది.

*

మధ్యాహ్నం పిల్లతో సహా నలుగురూ లోయ అంచుకు వెళ్ళారు. అక్కడ నిలబడి కేక వేస్తే ఎదుటి కొండ బదులిస్తుందట. జనం వరసగా నిలబడి ఎవరికి తోచినట్టు వాళ్ళు అరుస్తున్నారు. ఒక పెద్దాయన సొంత పేరే పిలుచుకుని, తిరిగి వినబడగానే చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

వదిన ఒక్క కేక వేసింది. కొండ బదులిచ్చింది. "చూశావా, నాకు ఎదురు చెప్పకుండా నా మాటే తిరిగి చెప్పేది లోకంలో ఇదొక్కటే" అని, పక్కనున్న మేనకోడలి భుజం తట్టింది. "ఇప్పుడు నువ్వు అరవవే, గుసగుసా!"

ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది వదినే. పుట్టిన దగ్గర్నుంచీ పగటిపూట తండ్రి నిద్రపోయే ఇంట్లో పెరిగింది. తలుపు మూసినా చప్పుడు రాదు. గిన్నె కింద పెట్టినా చప్పుడు రాదు. నవ్వు వస్తే రెండు చేతులతో నోరు మూసుకుంటుంది. బళ్ళో కూడా గుసగుసలాడినట్టే పాఠం అప్పజెప్తుందని టీచరు రెండుసార్లు పిలిపించి అడిగింది, పిల్లకు గొంతులో ఏమైనా ఇబ్బందా అని.

గుసగుస అంచున అడ్డంగా ఉన్న ఇనప కమ్మీ దగ్గరకు వెళ్ళింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. గుండె నిండా గాలి పీల్చింది. అరవబోయి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

తండ్రి బెంచీ మీద కూర్చుని, మెడ పక్కకు వాలిపోయి నిద్రపోతున్నాడు. పగలు కదా మరి. అతని ఒంటికి అది అర్ధరాత్రి.

"కొండా..." అంది పిల్ల. పక్కనున్నవాళ్ళకే వినబడలేదు. కొండకెక్కడ వినబడుతుంది?

"అదేం అరుపే?"

"నాన్న పడుకున్నారు అత్తా."

వదినకు ఏం చెప్పాలో తోచలేదు. ఆమెకు అలా తోచకపోవడం అరుదు. పిల్ల మాత్రం చెవి ఒగ్గి, ఎదుటి కొండ వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది, ఆలస్యంగానైనా తన మాట తిరిగొస్తుందేమోనని.

తల్లి ఇదంతా చూసింది. లేచి వెళ్ళి భర్తను కుదిపి లేపుదామనుకుంది. దగ్గరకు వెళ్ళేసరికి అతని గడ్డం కింద, చెవి పక్కన, ఇంకా కడగని పిండి కనబడింది. కొంగుతో తుడుద్దామని చెయ్యి చాపింది. ఈ మనిషి నిద్రపోయే ముఖాన్ని వెలుగులో ఇంత దగ్గరగా ఎప్పుడు చూసిందో జ్ఞాపకం తెచ్చుకోబోయింది. ఇంట్లో ఈ నిద్ర గడియారానికీ గోడలకీ దక్కేది, తనకు దక్కేది కాదు. పక్కనే ఉన్న మనిషి మీద ఇంత బెంగ పెట్టుకోవడం ఏమిటని తన మీద తనకే కోపం వచ్చింది. కోపం వచ్చినా బెంగ పోలేదు.

తుడవకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. "వదినా, పిల్లకు బన్ను తెస్తాను" అని చెప్పి సందు వైపు నడిచింది.

*

బేకరీ చిన్నదే. లోపల అడుగు పెట్టగానే కళ్ళజోడుకు ఆవిరి పట్టింది. తుడుచుకుని చూస్తే, గల్లా దగ్గర తలంతా నెరిసిన పెద్దావిడ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె మణికట్లు వాచి గుడ్డ కట్లతో ఉన్నాయి.

"మీరు ఆయన భార్య కదూ?" అంది పెద్దావిడ.

"ఎలా తెలుసు?"

"కొనడానికి వచ్చినవాళ్ళు రొట్టెల వైపు చూస్తారు. మీరు పొయ్యి వైపు చూస్తున్నారు."

ఆమె సిగ్గుపడింది. "పొద్దున మా ఆయన మీకు ఇబ్బంది కలిగించారు. మన్నించండి. చెయ్యి ఊరుకోదు ఆయనకి."

"ఇబ్బందా! ఈ చేతులు పడిపోయిన దగ్గర్నుంచీ పిండి నా మాట వినడం మానేసింది. ఇవాళ ఆయన మాట వింది." పెద్దావిడ నవ్వి, గుడ్డ కప్పి గోడవార పెట్టిన పెద్ద గిన్నెలు చూపించింది. "ఇవి రేపటికి. మీ ఊళ్ళో ఎండకు పిండి గంటల్లో పొంగుతుంది, అందుకని రాత్రంతా మనిషి మేలుకోవాలి. ఇక్కడి చలికి మెల్లగా పొంగుతుంది. రాత్రంతా పిండే మేలుకుని పని చేస్తుంది. మనిషి హాయిగా పడుకుంటాడు. ఈ మాట చెప్పగానే మీ ఆయన ముఖం చూడాల్సింది."

ఆమె చూసింది. పొద్దున పొగమంచులోంచి వస్తుంటే చూసింది. అది ఎందుకంత తేటగా ఉందో ఇప్పుడు అర్థమైంది.

"మరి ఏమనుకున్నారు?" అని అడిగింది పెద్దావిడ.

"దేని గురించి?"

"పని గురించి. రేపు పొద్దున నుంచే రమ్మన్నాను. పైన గది కూడా ఇస్తానన్నాను." ఎదుటి మనిషి ముఖం చూసి ఆగిపోయింది. "చెప్పలేదా? గదికెళ్ళి మాట్లాడి సాయంత్రానికి చెప్తానన్నారే! నేను ఎక్కువ రోజులు ఆగలేనమ్మా. ఆయన కాదంటే రేపే వేరే మనిషిని పిలవాలి."

"చెప్పారు, చెప్పారు" అంది ఆమె తొందరగా. పరాయి మనిషి ముందు భర్తను చిన్నబుచ్చడం చేతకాలేదు.

కాగితంలో చుట్టిన బన్ను తీసుకుని బయటకు వచ్చింది. దారంతా ఒకటే ఆలోచన. ఫ్యాక్టరీలో పగటి పని అతనికి ఎప్పటికీ ఇవ్వరు. ఇక్కడ పగటి పని దొరికింది. తన కౌంటరు కింద ఊళ్ళో ఉంది. ఎవరి సిఫారసూ లేకుండా, పరీక్ష రాసి తెచ్చుకున్న కుర్చీ అది. పిల్ల బడి కింద ఉంది. ఇద్దరికీ ఒకే వేళకు నిద్రపట్టే రోజులు వస్తాయి, ఇతనికి కొండ మీద, తనకు కొండ కింద. పొద్దున లేచి దుప్పటి మడత పెట్టి కప్పితే, ఆ చోటులోకి వచ్చి పడుకునేవాళ్ళు ఉండరు.

బన్ను చల్లారిపోయింది. అది చేతిలో ఉన్న సంగతే ఆమె మరిచిపోయింది.

*

సాయంత్రం ఆమె గదిలోకి వచ్చేసరికి వెలుతురు పూర్తిగా పోలేదు. కింద ఊళ్ళో అయితే అతను బూట్లు వేసుకునే వేళ. గుసగుస పక్క గదిలో అత్త దగ్గర ఉంది.

అతను మంచం మీద ఉన్నాడు. కిటికీ వైపు, ఆమె చోట్లో, దుప్పటి మెడదాకా కప్పుకుని పడుకుని ఉన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఆ వైపు కూడా మీకే కావాలా?"

అతను కళ్ళు తెరిచాడు. తడబడుతూ గోడ వైపుకు జరిగాడు. జరిగి, తను లేచిన చోట దుప్పటిని రెండు మడతలు వేసి కప్పాడు. తర్వాత ఒక మూల ఎత్తి పట్టుకున్నాడు.

"రా. పడుకో. వెచ్చగా ఉంది."

ఆమె కదలలేదు.

"ఇంట్లో రోజూ పొద్దున నేను వచ్చేసరికి నువ్వు దుప్పటి మడిచి కప్పి ఉంచేదానివి. నాకు తెలుసు. మొదట్లో తెలియలేదు. ఒకరోజు నువ్వు తొందరలో మరిచిపోయి వెళ్ళావు, అప్పుడు తెలిసింది. ఆ రోజంతా నాకు నిద్ర పట్టలేదు" అన్నాడు అతను.

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు జడ వేసుకుంటూ ఉంటావు, నేను బూట్లు విప్పుతూ ఉంటాను." కాస్త ఆగాడు. "ఇన్నేళ్ళూ నేను నీ వెచ్చదనంలోనే పడుకున్నాను. నీకు మాత్రం రోజూ చల్లటి పక్కే. ఇవాళ లోయ దగ్గర మెలకువ వచ్చి చూస్తే నువ్వు లేవు. అప్పుడు తట్టింది ఈ సంగతి. ఒక్క రోజైనా నీ చోటు వెచ్చబరచాలనిపించింది."

ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చాలా మెల్లగా, ఆ దుప్పటి కిందికి జారింది. దిండు అతని తల ఆకారంలో ఒత్తుకుని ఉంది. వీపు కింద, భుజాల కింద, అరికాళ్ళ కింద అతని వేడి ఉంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె దేని కోసం ఎదురుచూస్తోందో ఆ క్షణం వరకూ ఆమెకే సరిగ్గా తెలియదు. కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

"ఇది ఎంతసేపు ఉంటుంది?" అని అడిగింది.

"ఏది?"

"ఈ వేడి."

"నాకు రోజూ నిద్ర పట్టేదాకా ఉండేది."

బయట ఎవరో నవ్వుకుంటూ వరండాలోంచి వెళ్ళారు. ఆమె కప్పు వైపు చూస్తూనే అంది, "బేకరీకి వెళ్ళాను."

అతను ఆమె వైపు తిరిగాడు.

"ఆవిడకి ఏం చెప్పారు?"

"లోయ దగ్గర్నుంచి వచ్చాక మళ్ళీ వెళ్ళాను. నీతో మాట్లాడకుండా ఏమీ చెప్పకూడదనే బయల్దేరాను."

"బయల్దేరి?"

"వస్తానని చెప్పేశాను."

వేడి అలాగే ఉంది. ఆమెకు మాత్రం అరికాళ్ళ నుంచి చలి పాకినట్టయింది. ఈ దుప్పటి, ఈ మడత, ఈ మాటలు, అన్నీ ఇందుకేనా? చల్లటి పక్కలోకి పంపించబోతూ, ఒక్క పూట వెచ్చబరిచాడా?

"మీరొక్కరేనా?"

"పైన గది ఉంది. చూశాను. మంచం పెద్దదే."

"నేను అడిగింది మంచం గురించి కాదు."

"నువ్వు రమ్మంటే దిగి వస్తాను. ఇప్పుడే వెళ్ళి కాదని చెప్పి వస్తాను. మళ్ళీ రాత్రి పనికే పోతాను. నువ్వు ఉండమంటే..." ఆగిపోయాడు. "నాకు రాత్రిపూట నిద్రపోవాలని ఉంది. నీ పక్కన. పిల్ల గట్టిగా అరుస్తుంటే వినాలని ఉంది. అంతకంటే నాకేమీ తెలియడం లేదు. నువ్వు చెప్పు."

"నా కుర్చీ?"

ఆమె అతని వైపు తిరగబోయి, తిరిగితే తన చోటులో వేడి చెదిరిపోతుందన్నట్టు ఆగిపోయింది. అతని చెయ్యి మాత్రం దుప్పటి కింద వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. ఈసారి పిండి లేదు. శుభ్రంగా కడుక్కుని ఉంది.

తలుపు దగ్గర చిన్న అలికిడి. వేళ్ళతో గీకినంత మెత్తగా తట్టిన చప్పుడు.

"అమ్మా..." తలుపు సందులోంచి గుసగుస గొంతు. "నాన్న పడుకున్నారా?"

ఆమె నోరు తెరిచేలోపే అతను అన్నాడు, "పడుకోలేదమ్మా. మేలుకునే ఉన్నాను. నువ్వు గట్టిగా మాట్లాడు."

నమ్మాలో వద్దో పిల్లకు తెలియనట్టుంది.

"గట్టిగానా?"

"ఎంత గట్టిగా అయితే అంత గట్టిగా."

గుండె నిండా గాలి పీల్చిన చప్పుడు తలుపు ఇవతలికి కూడా వినిపించింది. తర్వాత, వరండా అంతా మోగేలా, ఎదుటి కొండదాకా వెళ్ళేలా, ఆ పిల్ల పుట్టి ఇన్నేళ్ళకు మొట్టమొదటిసారి అరిచింది:

"అత్త అడగమంది! పొద్దున బస్సులో వేయడానికి మీ పెట్టె ఇప్పుడే కిందికి దించాలట! మీ ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా! అలాగే దించెయ్యమంటారా, వద్దా?"

వరండా చివర గోడ "వద్దా" అని తిరిగి పలికింది. పిల్ల ఆనందం పట్టలేక నవ్వింది, ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

లోపల ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ పెట్టె వైపే చూస్తూ ఉండిపోయారు. జవాబు ఎవరు చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. ఆమె వీపు కింద పక్క మెల్లమెల్లగా చల్లారుతోంది.